పరుని నొప్పికి ప్రమాణము

నొప్పిని గూర్చి మనమందరమును కొంత పండితులమే. పంటిపోటు మొదలు ప్రసవవేదన వరకు ఎవరి యనుభవమును వారు చెప్పగలరు, విన్నవారు తల యూపగలరు. అయినను ఒకని నొప్పి మఱియొకనికి ఎట్లు తెలియును అని యడిగినంతనే ఈ పాండిత్యము తడబడును. మన నైయాయికులు ఈ విషయమున నిష్కర్షగా చెప్పిరి. సుఖదుఃఖములు వాని ననుభవించువాని మనస్సునకే ప్రత్యక్షములు. పరునికి అవి అనుమానగమ్యములు మాత్రమే. ఆ యనుమానమునకు త్రోవలు ముఖ్యముగా రెండు. కారణమును చూచి కార్యము నూహించుట యొకటి, మబ్బు చూచి వాన రానున్న దనుకొన్నట్లు. కార్యమును చూచి కారణము నూహించుట రెండవది, ఏరు పొంగుట చూచి ఎగువను వాన కురిసిన దనుకొన్నట్లు. మొదటిదానికి పూర్వవత్తు, రెండవదానికి శేషవత్తు అనునవి గౌతమసూత్రములలోని పేళ్లు. దృష్టాంతములు వాత్స్యాయన భాష్యములోనివి.

నొప్పి విషయమున ఈ రెండు త్రోవలును సాధారణముగా ఒకచోటికే చేరును. బాలుని మోకాలిపై గాయమును చూతుము, వాని యేడ్పును విందుము. గాయమెంతయో ఏడ్పును అంతయే. గాయము కనబడకయే ఏడ్పు మిన్ను ముట్టినప్పుడు చిక్కు వచ్చును. అప్పుడు మనము కంటికి కనబడు కారణమును పట్టుకొని, చెవికి వినబడు కార్యమును అబద్ధ మందుము. మా రామతీర్థమునకు సమీపమున పాఱు చంపావతికి, ఇచ్చట ఎండ కాయుచుండగనే, పై కొండలలోని వానకు నీరు వచ్చుట కలదు. ఏటిలో నున్నవాడు మబ్బు లేదు గనుక వరద లేదని వాదింపడు. బట్టలు ఎత్తుకొని గట్టెక్కును. ఏటి విషయమున మనకున్న ఈ వివేకము మనుష్యుని విషయమున ఏల లోపించునో విచారింపదగియున్నది.

ఇది తర్కపాఠములోని ప్రశ్న మాత్రమే కాదు. నల్లమందును గాని, దానినుండి తీసిన మార్ఫీను, హెరాయిన్‌లను గాని, వాని గుణములతో కర్మాగారములలో చేయు ట్రమడాల్ మొదలగు మాత్రలను గాని చిరకాలము విడువక పుచ్చుకొని, ఒక్కసారిగా మానినవాని యింట ఇది గడియ గడియకు లేచు ప్రశ్న. అట్టివానికి ఆవులింతలు వచ్చును, కన్నులును ముక్కును కాఱును, ఒడలు గగుర్పొడుచును, వాంతులు, విరేచనములు పట్టుకొనును. ఇవి చూచువారికి కనబడును గనుక ఎవరును శంకింపరు. వీనితో కూడ మఱియొకటి వచ్చును, అది కనబడదు. ఎముకలలో సలుపు పుట్టును. ఇదివఱకు చిన్నదైన నొప్పి పెద్ద దగును. నొప్పియే కాని తాకిడి కొందఱికి నొప్పి యగును. వైద్యులు నొప్పి యిట్లు హెచ్చుటకు హైపరాల్జీసియా అని పేరు పెట్టిరి. మనము అతివేదన యనుకొందము.

మా ప్రాంతమున ఒక యింటి సంగతి నే నెఱుగుదును. చిన్నకొడుకు లారీ నడుపువాడు. నడుమునకు దెబ్బ తగిలినప్పుడు మొదలుపెట్టిన నొప్పిమాత్రలు, దెబ్బ మానినను మానక, రెండు మూడేండ్లు సాగినవి. ఒకనాడు ఇంటివారందఱును కూడి ఉన్న మాత్రలను పొయ్యిలో వేసి, వానిని గదిలో నుంచి గడియ పెట్టిరి. రెండవనాటి రాత్రి తల్లి మా యింటికి వచ్చినది. “మేస్టారూ, దుప్పటి కప్పితే అరుస్తన్నాడు బాబూ. కాళ్లు ముట్టుకోనివ్వడు. పెద్దోడేమో ఇదంతా నాటకం, మాత్రల కోసమే అంటన్నాడు. దుప్పటికి నిజంగా నొప్పెడతాదా?” అని యడిగినది. ఆ పెద్దకొడుకు కఠినుడు కాడు. తమ్ముని బాకీలు తీర్చుటకై తన భార్య నగలు కుదువ పెట్టినవాడు. మఱునాడు వైద్యుని యొద్దకు గొనిపోయిరి గనుక ఆ కథ నిచ్చట విడుతును. తల్లి యడిగిన ప్రశ్న మాత్రము విడువరానిది.

దుప్పటికి నొప్పెట్టును. ఎట్లనగా, మన శరీరమున నొప్పిని మెదడునకు తెలుపు మార్గమున్నట్లే, ఆ వార్తను అదుపులో నుంచు మార్గమును ఉన్నది. మెదడు క్రింది భాగమునుండి వెన్నుపాములోనికి దిగు నాడులు, ఒడలినుండి వచ్చు నొప్పివార్తలలో కొన్నిటిని ఆపును, కొన్నిటిని పోనిచ్చును, కొన్నిటిని మఱింత బిగ్గరగా చాటును. ఆపుటకు శరీరము నల్లమందును పోలిన పదార్థములను తానే తయారు చేసికొనును. 1975లో స్కాట్లండులోని అబర్డీను నగరమున హ్యూస్, కాస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు వీనిలో మొట్టమొదట రెండింటిని గుర్తించి, ఎన్‌కెఫలిన్ లని పేరు పెట్టిరి. బయటి నల్లమందు పనిచేయుట ఈ లోపలి పదార్థములకై యేర్పడిన పీటల నాక్రమించుకొనియే.

బయటినుండి దినదినమును మందు వచ్చుచుండగా శరీరము చేతులు కట్టుకొని కూర్చుండదు. త్రాసులో ఒక తట్టయందు బరువు పడుచుండగా రెండవ తట్టయందు తానును బరువు వేయుచుండును. నాడీకణములు అణగిన తమ వ్యాపారమును తిరిగి నిలుపుకొనుటకై లోపలి రసాయనక్రియలను హెచ్చించుకొనును. మెదడు మూలమునుండి దిగు చాటింపు బలపడును. మందున్నంత కాలము రెండు తట్టలును సమముగా నున్నట్లు తోచును, కాని మోతాదు పెంచినగాని మునుపటి గుణము కనబడదు. మందు మానిన కొలది గంటలలో మొదటి తట్ట ఖాళీ యగును. రెండవ తట్టలోని బరువు ఎక్కడిదక్కడనే యుండును. కాలిపై పడిన దుప్పటి ఎప్పటి దుప్పటియే. ఆ వార్తను అందుకొను నాడులు ఎప్పటివి కావు.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి యనుకొనరాదు. ఇటీవలి వఱకు మన యిండ్లలో నుండిన పొట్టి పాదరసపు జ్వరమాపకమును రూపొందించిన ఆంగ్లవైద్యుడు క్లిఫర్డ్ ఆల్బట్. అంతకుముందు జ్వరము చూచుటకు మూరెడు పరికరమును చాలసేపు ఉంచవలసివచ్చెడిది. మార్ఫియాను సూదితో చర్మము క్రిందికి ఎక్కించుట ఆ కాలమున క్రొత్తగా వ్యాపించుచుండెను. నొప్పికి ఇంతకు మించిన వరము లేదని వైద్యులు సంతసించుచుండిరి. 1870లో ఆల్బట్ ఒక వైద్యపత్రికలో వ్రాయుచు, దీర్ఘకాలము ఈ సూదికి మరగిన తన రోగులను చూడగా, అది మాన్పవలసిన నొప్పినే పెంచుచున్నదేమో యని తనకు కలిగిన సందేహమును బయటపెట్టెను. జ్వరమును ఇంటింట కొలుచుటకు వీలు కల్పించినవాడే, నొప్పి విషయమున కొలతబద్దయే సాగుచున్నదేమో యని మొదట అనుమానించినవారిలో నుండుట నాకు మిక్కిలి వింతగా తోచును.

అయినను పెద్దకొడుకు వాదమును అంత సులువుగా త్రోసివేయరాదు. మాత్రలకై అబద్ధ మాడువా రున్నారు. ఆ తమ్ముడును ఎన్నియో ఆడియుండును. నాటకమా కాదా యని తేల్చుటకు, నాటక మాడుటకు హేతువే లేనివారిని చూడవలెను. విడుపులో నున్న ఎలుక తోకకు వేడి తగిలించినచో ఇతర ఎలుకలకంటె ముందుగ తోకను లాగుకొనును. ఎలుక మాట ఎవరికి పట్టును అందురేమో. ఆరోగ్యవంతులై, ఏ వ్యసనమును లేక, పరిశోధనకై తమంతట తాము వచ్చినవారికి రెమిఫెంటానిల్ అను ఈ జాతి మందును గంటన్నర సేపు నరములోనికి ఎక్కించి ఆపి చూచిరి. వారి చర్మముపై ముందుగనే కల్పించియుంచిన నొప్పి ప్రదేశము, మందు ఆపిన తరువాత, మునుపటికంటె విశాల మయ్యెను. గంటన్నరలో వారెవరును వ్యసనపరులు కాలేదు, ఎవరికిని మాత్రలతో పని లేదు.

అంతకంటెను బలమైన సాక్షి పురిటిలోని శిశువు. ఈ మందులకు అలవాటుపడిన తల్లి గర్భమునుండి పుట్టిన బిడ్డకు, బొడ్డు కోసిన ఒకటి రెండు మూడు దినములలో విడుపు ఆరంభమగుట కలదు. బిడ్డ వణకును, నిద్రపోదు, కీచుగొంతుతో ఏడ్చును, కొంచెము తాకినను, కొంచెము చప్పుడైనను ఉలికిపడును. ఆసుపత్రిలో అట్టి శిశువును వెలుతురు తగ్గించిన గదిలో, మెత్తని బట్టలో చుట్టి, తల్లి ఒడిలోనే యుంతురు. అది చాలనిచో మార్ఫీనునే చుక్కలుగా నిచ్చి, మెల్లమెల్లగా తగ్గించి మానిపింతురు. ఆ శిశువు ఎవరిని మోసగింప దలచినది? ఏ విలాసమునకు మరగినది? ముప్పదియేండ్లవానియందు అదే వణుకును, అదే ఉలికిపాటును చూచి నాటక మనువారు, శిశువును చూచి ఏమనగలరు?

మన తీరమునకు నల్లమందు క్రొత్తది కాదు. చరక సుశ్రుతులలో దాని ప్రసక్తి లేదు గాని, శార్ఙ్గధరసంహిత, భావప్రకాశముల నాటికి అహిఫేన మను పేర మన వైద్యమున చేరినది. అరబ్బుల అఫ్యూన్ శబ్దమును పామునురుగు అను నర్థము వచ్చునట్లు సంస్కరించిన పండితుడెవరో, వస్తుగుణము నెఱిగియే సంస్కరించెనేమో. గోదావరి, విశాఖపట్టణ మండలముల మన్యమున చలిజ్వరమునకు నల్లమందు రక్ష యను నమ్మకము ఒకప్పుడు ప్రబలియుండెను. 1893లో నియమితమై 1895లో నివేదిక యిచ్చిన రాయల్ కమిషను ఎదుట దేశపు నానాభాగములనుండి ఇట్టి సాక్ష్యములు వచ్చినవి. కమిషను నిషేధ మక్కఱలేదని తేల్చెను. నల్లమందు మలేరియా క్రిమిని చంపదు. ఒళ్లునొప్పులను, విరేచనములను అణచును, అంతే. ఆ నమ్మకము తరతరములు నిలుచుటకు విడుపునొప్పియే ఒక కారణమై యుండునని నాకు తోచును. మానినవానికి చలి, గగుర్పాటు, ఎముకల సలుపు వచ్చును. జ్వరము తిరుగబెట్టిన దనుకొని మరల పుచ్చుకొనును. క్షణములో తగ్గును. మందు మహిమ మఱియొకసారి ఋజువైన దనుకొనును. మందే పెట్టిన గాయమునకు మందే కట్టు కట్టి హస్తవాసి గల వైద్యుడని పేరు పొందినట్లు!

నాటకము కాదని యొప్పుకొన్నవారు పిమ్మట చెప్పునది మనోదౌర్బల్యమును గూర్చి. నొప్పి అందఱికిని ఉండును, దిటవు గలవాడు ఓర్చుకొనును, వీనికి దిటవు లేదు అందురు. మా యూరి గురుభక్తులకొండపై బౌద్ధవిహారముల శిథిలము లున్నవి. ఆ కొండ నెక్కినప్పుడెల్ల నాకు సంయుత్తనికాయములో బుద్ధుడు చెప్పిన రెండు బాణముల యుపమానము జ్ఞాపకము వచ్చును. శరీరమునకు తగిలిన బాణము మొదటిది. దానికై కుమిలి వగచుట రెండవది. జ్ఞానికి మొదటిది మాత్రమే తగులును. మనోదౌర్బల్య మనువారు తెలిసియో తెలియకయో ఈ రెండవ బాణమును గూర్చియే మాటలాడుచున్నారు. విడుపులో నున్నవానికి మొదటి బాణమే మునుపటి బాణము కాదని వారు గుర్తింపలేదు. దీర్ఘకాలముగా మెథడోన్ పుచ్చుకొనువారు మంచునీట చేయి ముంచిన పరీక్షలలో ఇతరులకంటె చాల ముందుగ చేయి తీసివేసిరి. మంచునీరు ఒక్కటే. అది వారికి కలిగించిన బాధ ఒక్కటి కాదు. బాధ వేఱైనప్పుడు ఓర్పును గడియారముతో కొలుచు టెట్లు?

తితిక్షను మన పెద్దలు శమదమాదులలో నొకటిగా చెప్పిరి. తితిక్ష యనగా ఒకడు ఓర్చుకొన్న బాధ యెంతయో అంత. వానికి తగిలిన దెబ్బ యెంతయో అంత కాదు. మన వీరఘట్టమువాడైన కోడి రామమూర్తినాయుడుగారు ఛాతీపై ఏనుగును నిలుపుకొన్న సంగతి ఈ జిల్లాలలో పిల్లలకు కూడ తెలియును. ఆయన ధైర్యమును కొనియాడుట న్యాయమే. కాని ఆయన చేసినది నేను చూచి మెచ్చుకొనగలను. గడియ వేసిన గదిలో ఒకడు అరచేతిని నోట క్రుక్కుకొని అరగంట సేపు అఱవకుండ నుండినచో, అందెంత ధైర్యము వ్యయమైనదో నాకు కనబడదు. కనబడలేదు గనుక లేదని వ్రాసికొందును. రెండవ బాణము కూడ ఈ రోగమున లేకపోలేదు. భయమును సిగ్గును నొప్పిని పెంచునని వైద్యులును అంగీకరింతురు. ఆ బాణమును ప్రయోగించుచున్నది మాత్రము తఱచుగా గదికి వెలుపల నున్న మనమే.

ఇక మూడవ మాట, చేసికొన్నవానికి చేసికొన్నంత అనునది. సంఘసంస్కారము కోరువారే దీనిని ఎక్కువగా అనుట విన్నాను. కల్లుసారాల విషయమున పోరాడినవారికి వ్యసనముపై సహజమైన కోపముండును, ఆ కోపమునకు గౌరవముంచవలసినదే. ఈ నొప్పిని వారు ప్రాయశ్చిత్తముగా భావింతురు. ప్రాయశ్చిత్తమునకు మన ధర్మశాస్త్రములలో ఒక క్రమమున్నది. పాపమును, పాపి వయస్సును, శక్తిని విచారించి, విద్వాంసుల పరిషత్తు ఇంత యని విధించును. చేయువాడు తెలిసి ఒప్పుకొని చేయును. విడుపునొప్పికి ఈ విచారణ యేదియు లేదు. సరదాకు మొదలుపెట్టినవానికిని, శస్త్రచికిత్స పిమ్మట వైద్యుడు వ్రాసియిచ్చిన మందును చీటీ ప్రకారమే వేసికొనిన ముసలమ్మకును అది భేదము చూడదు. అపరాధము నెఱుగని శిశువునకు కూడ వచ్చునని యిదివఱకే చెప్పితిని. అంతేకాదు. తక్కిన శిక్షలు తప్పునుండి మరలించుటకు ఏర్పడినవి. ఈ శిక్ష తప్పు వైపునకే తఱుమును. మూడవనాటి రాత్రి గోడ దూకి పాఱిపోయి మరల మందు తెచ్చుకొన్నవానిలో ఎందఱు మత్తు సుఖమును కోరి పోయిరో, ఎందఱు దుప్పటి భరింపలేక పోయిరో మన మడిగితిమా?

జాలి చూపినచో అలవాటును ప్రోత్సహించినట్లగు నని కొందఱు భయపడుదురు. ఉపశమనము వేఱు, వ్యసనమును సాగనిచ్చుట వేఱు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును వారముల తరబడి తగ్గించుట, నల్లమందు జాతికే చెందియు మత్తు తక్కువైన బ్యూప్రినార్ఫిన్ వంటిదాని నిచ్చి శరీరమును నిలుకడకు తెచ్చుట, వణుకునకును చెమటకును క్లోనిడీన్ నిచ్చుట, ఇవి ఎప్పటినుండియో తెలిసిన మార్గములు. స్వతంత్రము వచ్చిన పిదప 1949లో అఖిలభారత నల్లమందు సమావేశము, వైద్యమునకు తప్ప తినుటకై అమ్ము నల్లమందును పదేండ్లలో క్రమక్రమముగా తగ్గించి నిలిపివేయవలెనని నిర్ణయించెను. దుకాణములకు పదేండ్ల గడువు ఇచ్చితిమి. లారీ నడుపువాని నాడులకు ఒక్కరాత్రి చాలు ననుకొంటిమి! 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. 2018లో ట్రమడాల్‌ను దాని క్రిందికి తెచ్చిరి. చట్టము అంగడిని కట్టడి చేయగలదు. గదిలో నున్నవానికి అది చేయగలది కొంచెమే. 2019లో వెలువడిన కేంద్రప్రభుత్వపు సర్వే ప్రకారము ఈ జాతి మందుల వలన హాని పొంది సాయము కావలసినవారు దేశమున సుమారు 77 లక్షలు. అనగా ఈ ప్రశ్న వేయు తల్లులు అందఱును మన్యమువారు కారు, అందఱును పేదవారును కారు.

దీనికి వ్యతిరేకమైన భయమును కూడ ఇచ్చట తీర్చవలెను. ఇది చదివి, పుట్టకురుపుతో బాధపడు తండ్రికి డాక్టరు వ్రాసిన మార్ఫీనును ఇవ్వకుండ దాచిపెట్టు కుమారుడుండినచో నేను వ్రాసినది అపకారమే యగును. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి వంటి చోట్ల తుదిదశలోని క్యాన్సరు రోగులకు ఆ మందే ప్రశాంతత నిచ్చుచున్నది. అట్టివారికి మందును మాన్పుట గాని తగ్గించుట గాని వైద్యుడు చేయవలసిన పని. ఇంటివారు హఠాత్తుగా ఆపినచో పైన వర్ణించిన బాధ యంతయు అసలు రోగబాధపై అదనముగా వచ్చి పడును.

విడుపులో నున్నవానియింట ఉండువారు తెలిసికొనవలసిన దింకొకటి కలదు, ఇది ప్రాణముతో చేరినది. కొన్నాళ్లు మానినవాని శరీరమునకు మునుపటి మోతాదును తట్టుకొను శక్తి పోవును. నొప్పి కోర్వలేక పాతమోతాదే పుచ్చుకొన్నచో ఊపిరి మందగించి నిద్రలోనే పోవచ్చును. బాగుపడినాడని ఇంటివారు సంతోషించుచున్న వారములలోనే ఈ యపాయ మధికము. కావున వాడు మరల తప్పటడుగు వేసినచో దాచుకొనక చెప్పుకొనగల మనిషి ఒకరైనను ఇంట ఉండవలెను. నాటక మన్నవారితో వాడు చెప్పుకొనడు.

విడుపులో నున్నవాడు తఱచుగా అడుగు ప్రశ్న యొక్కటే, ఇది ఇంకెన్నాళ్లు అని. హెరాయిన్ వంటివానికి ఆరు మొదలు పండ్రెండు గంటలలో ఆరంభమై, రెండు మూడు దినములకు పరాకాష్ఠ నందును; వారము పదిదినములలో చాల వఱకు తగ్గును. మెథడోన్ వంటి నిదానపు మందులకు ఆలస్యముగా వచ్చి, ఎక్కువ నాళ్లుండును. నీరు, ఉప్పు, చక్కెర కలిపి మాటిమాటికి ఇయ్యవలెను, వాంతులు విరేచనములవలన ఒడలు ఎండిపోకుండుటకు. తాకుటకు ముందు చెప్పి తాకవలెను. బరువైన దుప్పటికి మాఱు పాత నేతచీర మేలు. వాంతులు, వణుకు పోయిన తరువాతను చలికిని, దెబ్బకును ఉలికిపాటు కొన్ని నెలల వఱకు ఉండుట కలదు. నిద్ర అన్నిటికంటె ఆలస్యముగా వచ్చును.